నవ్వాల్సిన మాట

ఆదివారం ఎండ తగ్గాక పంతులమ్మ దిబోర్, బడి వరండాలో కూర్చుని, అయిపోయిన టార్చి బ్యాటరీలను రాయితో పగలగొడుతోంది. లోపలి నల్లపొడిని రేకు డబ్బాలోకి దులిపి, నూరిన బొగ్గు కలిపి, నీళ్ళు పోసి చిక్కగా తిప్పింది. పిల్లలు వారమంతా ఇంటింటా అడిగి తెచ్చిన బ్యాటరీలవి. వానాకాలం సెలవుల్లో నల్లబల్ల బాగా పాలిపోయింది. సుద్దతో ఏం రాసినా వెనక బెంచీ వాళ్ళకి కనపడటం లేదు.

గోనెగుడ్డ ముంచి మొదటి పూత వేస్తుండగా బయట గుర్రబ్బండి ఆగింది. లాతీర్ దిగాడు. బండి నిండా వేరుశనగ కట్టె. దియోలెమ్ ఊరి బడి తల్లిదండ్రుల సంఘానికి అతనే పెద్ద. అతని రెండో కొడుకు సేమూ దిబోర్ దగ్గరే రెండో తరగతి చదువుతున్నాడు.

"ఆదివారం కూడా పనేనా చెల్లెమ్మా?"

"రేపు బల్ల మీద అక్షరాలు కనపడొద్దూ లాతీరన్నా?"

"ఆ అక్షరాల గురించే వచ్చాను."

దిబోర్ చెయ్యి ఆపలేదు. పూత మధ్యలో ఆపితే బల్ల మీద చార పడుతుంది. అంచుదాకా లాగి అప్పుడు తిరిగి చూసింది.

"కోపం తెచ్చుకోకు," అన్నాడు లాతీర్. "జనం గొణుగుతున్నారు. గురువారం మీటింగు పెట్టమన్నారు. హెడ్‌మాస్టరుతో కూడా చెప్పేశాను."

"ఏమంటున్నారు?"

"ఏముంది, పిల్లలు ఇంట్లో సెరేరే మాట్లాడతారు, బళ్ళోనూ సెరేరే చదువుతారు. ఇంట్లో ఉన్నదాని కోసం బడిదాకా నడవడం ఎందుకంటున్నారు. పక్కూరి బడి ముందు నుంచి పోతుంటే పిల్లలంతా ఒక్క గొంతుతో ఫ్రెంచిలో అప్పజెప్తుంటారు. వింటే బడిలా ఉంటుంది. మన బడి ముందు నుంచి పోతే సంతలా ఉంటుంది."

"సంతలో ఒకళ్ళ మాట ఒకళ్ళకి అర్థమవుతుంది కదన్నా."

లాతీర్ నవ్వాడు కానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. గుర్రం మెడ మీది ఈగల్ని తోలుతూ అన్నాడు: "మా పెద్దోడు పోలీసు ఉద్యోగానికి వెళ్ళాడు చూడు. ఆఫీసరు ఫ్రెంచిలో ఏదో అడిగాడంట. వీడు నోరు పెగలక నిలబడిపోయాడంట. ఇంటికొచ్చి రెండ్రోజులు గది తలుపు తియ్యలేదు. చిన్నోడికి ఆ గతి పట్టకూడదు. నా బాధల్లా అదే."

పెద్దవాడు మొదటి రోజు నుంచీ చదివింది ఫ్రెంచిలోనే కదా అన్న మాట దిబోర్ నోటిదాకా వచ్చింది. కొడుకు అవమానం తల్చుకుంటున్న తండ్రితో వాదం పెట్టుకోబుద్ధి కాలేదు. "గురువారం మాట్లాడుకుందాం అన్నా," అని గుడ్డ మళ్ళీ డబ్బాలో ముంచింది.

మర్నాడు ఇంటర్వెల్ వేళకి దాదో వచ్చింది. నెత్తిన పెరుగు ఉన్న సొరకాయ బుర్ర, మెడలో వెండి నాణేల దండ. ఊరి చివర ఫులా గుడిసెల నుంచి రోజూ వస్తుంది. గేటు దాటకముందే మొదలుపెట్టింది.

"ఏమే బానిసా! దొరసాని వస్తుంటే లేచి నిలబడవా?"

"ఆవు తోకలు పట్టుకు తిరిగేవాళ్ళు దొరసానులు ఎప్పుడయ్యారవ్వా? పెరుగులో నీళ్ళు ఎక్కువయ్యాయి, ముందు అది చూసుకో."

"నీళ్ళు కలిశాయో లేదో తెలియడానికి బుర్రలో ఏదో ఒకటి ఉండాలి. మీ సెరేర్‌ల బుర్రల్లో వేరుశనక్కాయలు తప్ప ఏముంటాయి?"

చుట్టూ చేరిన పిల్లలు విరగబడి నవ్వారు. సేద్యం చేసే సెరేర్‌లకీ ఆవులు మేపే ఫులాలకీ ఈ వేళాకోళం తాతల నాటిది. ఎంత మాటన్నా నవ్వాలి. మొహం ముడుచుకున్న వాళ్ళు ఓడిపోయినట్టే.

దాదో మనవరాలు కుంబెల్ దిబోర్ క్లాసులోనే ఉంది. ఇంట్లో మాట్లాడేది ఫులా భాష. పోయినేడు మొదటి నెలల్లో పక్క పిల్లల నోళ్ళకేసి చూస్తూ కూర్చునేది. ఇప్పుడు సెరేర్ పుస్తకం మీద వేలు పెట్టి గడగడ చదివేస్తుంది, తప్పు చదివిన సేమూని వెక్కిరిస్తుంది కూడా.

"గురువారం మీటింగట కదా," అంది దాదో, గరిటెతో పెరుగు పోస్తూ. "నేనూ వస్తా. నా బానిసలు ఏం తీర్మానిస్తారో చూడాలి."

ఆ సాయంత్రం దిబోర్ కావొలాక్‌కి ఫోన్ చేసింది. భర్త వాలీ ఆ పట్నంలో ఉప్పు మడుల దగ్గర పని చేస్తాడు. ఏడేళ్ళ కూతురు సీగా తండ్రి దగ్గర, మేనత్త ఇంట్లో ఉండి, ప్రైవేటు బళ్ళో చదువుతోంది. ఫోన్ తీసుకోగానే సీగా కొత్తగా నేర్చుకున్న ఫ్రెంచి పద్యం అప్పజెప్పింది. ఎక్కడా తడబడలేదు. దిబోర్ కళ్ళు మూసుకుని వింది. చివరి పాదం దగ్గర ఆమె పెదవులు కూడా కదిలాయి. "అన్నం తిన్నావా తల్లీ?" అని సెరేర్‌లో అడిగితే సీగా వోలోఫ్‌లో, తిన్నాను, చేప, అంది. ఆ ఇంట్లో అందరూ వోలోఫే మాట్లాడతారు. దిబోర్ ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు ఆ పద్యం చెవుల్లోనే ఉంది.

గురువారం మీటింగు రెండో తరగతి గదిలోనే జరిగింది. మగవాళ్ళు చిన్నపిల్లల బెంచీల్లో ఇరుక్కుని, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. ఆడవాళ్ళు గోడ వారన చాపలు పరుచుకున్నారు. దాదో గుమ్మంలోనే చతికిలబడింది. హెడ్‌మాస్టర్ గేయ్ లేచి, రెండు మార్గాలూ ఉన్నాయి, తల్లిదండ్రులు ఏది కోరితే అది, నాకు అభ్యంతరం లేదు అని చెప్పి కూర్చున్నాడు.

దిబోర్ మాట్లాడే ముందు సేమూని పిలిచింది. వాడు ఇంతవరకూ చూడని సెరేర్ కాగితం ఒకటి చేతికిచ్చింది. పాము కరిస్తే ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అని అందులో ఉంది. సేమూ ముందు గొణిగాడు, తర్వాత గొంతు పెంచాడు. కరిచిన చోట కత్తితో కొయ్యవద్దు, గట్టిగా కట్టవద్దు, కదలకుండా పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

గోడ వారనుంచి ఒకావిడ అంది: "మళ్ళీ చదవరా అబ్బాయ్. కట్టొద్దా? మేం ఎప్పుడూ కట్టేదే!"

వాడు మళ్ళీ చదివాడు. లాతీర్ మెడ ముందుకు చాచాడు. కొడుకు వేలు కాగితం మీద ఎక్కడెక్కడ ఆగుతోందో అది మాత్రమే చూస్తున్నాడు.

దిబోర్‌కి ధైర్యం వచ్చింది. "చూశారుగా, ఇది ప్రయోగం కాదు," అంది. "తెలిసిన భాషలో చదవడం పట్టుబడితే, ఆ పట్టుతోనే ఫ్రెంచి చదువుతారు. పైతరగతిలో ఫ్రెంచి వస్తుంది, ఎక్కడికీ పోదు. రెండేళ్ళే ఆగమంటున్నాను. వీళ్ళు నాకు పరాయి పిల్లలా? నా సొంత పిల్లకి ఏం కోరుకుంటానో వీళ్ళకీ అదే కోరుకుంటాను."

కొందరు తలలూపారు. అప్పుడు గుమ్మంలోంచి దాదో గొంతు లేచింది.

"నా బానిస తెలివి చూడండర్రా! ఇంత తియ్యటి మేత కనిపెట్టింది. ఊళ్ళో దూడలన్నిటికీ దగ్గరుండి తినిపిస్తోంది. తన దూడని మాత్రం కావొలాక్‌లో ఫ్రెంచి కొట్టంలో కట్టేసింది!"

గదంతా నవ్వింది. లాతీర్ కూడా నవ్వాడు. తర్వాత ఆ నవ్వు ఒక్కొక్కరి దగ్గరే ఆగిపోతూ వచ్చింది. ఆ సంగతి తెలియనివాళ్ళు ఆ గదిలో ఎవరూ లేరు. ఇన్నాళ్ళూ పైకి అననివాళ్ళే అందరూ.

దిబోర్ నవ్వింది. నవ్వకుండా ఉండటానికి వీల్లేదు. "ఫులా నోరు కదా, పేడ తప్ప ఇంకేం రాలుతుంది?" అంది. జనం మర్యాదకి మరోసారి నవ్వారు.

ఆ తర్వాత ఆమె చెప్పిన మాటలు ఎవరికీ పట్టలేదు. ఫ్రెంచి కావాలన్నవాళ్ళు చేతులెత్తండి అని హెడ్‌మాస్టర్ అడిగితే గదిలో సగానికి పైగా చేతులు లేచాయి. లాతీర్ కాస్త ఆగి, దిబోర్ వైపు చూడకుండా తనూ ఎత్తాడు. పాము కాటు గురించి మళ్ళీ చదివించుకున్న ఆవిడ కూడా ఎత్తింది. దాదో ఎత్తలేదు. చుట్టకుదురు నెత్తిన సర్దుకుని, బుర్ర ఎత్తుకుని వెళ్ళిపోయింది. సోమవారం నుంచి రెండో తరగతి పాఠాలన్నీ ఫ్రెంచిలోనే జరగాలని తేలిపోయింది.

మర్నాడు పొద్దుగూకేవేళ దిబోర్ ఫులా గుడిసెల దాకా నడిచింది. దాదో ఆవు పక్కన గొంతుక్కూర్చుని పాలు పితుకుతోంది. తలెత్తి చూసి, మళ్ళీ పొదుగు మీదికి వంగింది.

"కోపమొచ్చిందా?"

"రాలేదు."

"వచ్చింది. ఓడిపోయావు పో."

"అవ్వా, వేళాకోళం పక్కన పెట్టు. నీ మనవరాలు నా దగ్గరే కదా చదువుతోంది. క్లాసు పోగొట్టి నువ్వేం బావుకున్నావు?"

"పోగొట్టాలని అన్నానా?" పాలధార గిన్నెలో నురుగు మీద చప్పుడు లేకుండా పడుతోంది. "నా పిల్లకి నీ సెరేరూ పరాయిదే, ఫ్రెంచీ పరాయిదే. సెరేర్ అయితే పక్కింటిది, ఆటల్లో వచ్చేస్తుంది. అందుకే నీ దగ్గరికి పంపాను. అయినా ఊరంతా లోపల అనుకుంటున్న మాట నీ మొహాన ఎవరనాలి చెప్పు? లాతీర్ అంటే తగువు. హెడ్‌మాస్టర్ అంటే హుకుం. నేనంటే నవ్వు. నవ్వి ఊరుకుంటావో, ఇంకేమన్నా చేస్తావో నీ ఇష్టం."

దిబోర్ ఆవు వైపు మరో అడుగు వేసింది.

"దూరం జరుగు," అంది దాదో. "తంతుంది. దీనికి సెరేర్ వాసన పడదు."

శనివారం దిబోర్ కావొలాక్ బస్సెక్కింది. వాలీ పనినుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. మడమల పగుళ్ళలో ఉప్పు తెల్లగా పేరుకుపోయింది. దిబోర్ చెంబుతో నీళ్ళు పోస్తూ, సీగాని తనతో తీసుకువెళ్తానంది.

"మీటింగులో నెగ్గడానికా?"

"మీటింగు అయిపోయింది. ఓడిపోయాను."

"మరిప్పుడు తీసుకెళ్ళి ఏం లాభం?"

"ఏం లేదు. ముందే తెచ్చుంటే జనానికి చూపించడానికి తెచ్చినట్టుండేది. ఇప్పుడు చూపించడానికి ఏం మిగల్లేదు." చెంబు కింద పెట్టింది. "ఆ ముసలావిడ మాటకి అందరిముందూ నవ్వాను. నవ్వినప్పటినుంచీ అన్నం సయించడం లేదు."

వాలీ కాళ్ళు తుడుచుకుంటూ ఆలోచించాడు. "నీ ప్రయోగాలకి నా పిల్లని ఇవ్వనని ఇదివరకే చెప్పాను."

"ప్రయో..." అని మొదలుపెట్టి దిబోర్ ఆగిపోయింది.

"సోమవారం నుంచి అక్కడా ఫ్రెంచేనా?"

"ఫ్రెంచే."

"అయితే ఎక్కడ చదివితే ఏం? తల్లి దగ్గరన్నా ఉంటుంది. తీసుకెళ్ళు."

తను ఓడిపోయినందుకే కూతురు దక్కిందని దిబోర్‌కి అర్థమైంది. ఆదివారం బస్సులో సీగా ఆమె ఒళ్ళో తల పెట్టుకుని, అక్కడ టీవీ ఉందా, ఐసు దొరుకుతుందా అని వోలోఫ్‌లో అడుగుతూనే నిద్రపోయింది.

సోమవారం దిబోర్ సీగాని తన క్లాసులోనే మొదటి బెంచీలో కూర్చోబెట్టి, ఫ్రెంచి వాచకం తెరిచింది. బొమ్మ చూపించి ఒక్కో వాక్యం చెప్పింది. పిల్లలు గొంతు కలిపి అప్పజెప్పారు. ఆ శబ్దం పొలాల దాకా వెళ్ళింది. వేరుశనగ కుప్పల దగ్గరికి పోతున్న ఆడవాళ్ళు ప్రహరీ దగ్గర ఆగి విన్నారు. లాతీర్ బండి ఆపి, "ఇదీ! ఇప్పుడు బడిలా ఉంది!" అని అరిచి వెళ్ళాడు.

అప్పజెప్పడం అయ్యాక దిబోర్ ప్రశ్నలడిగింది. ఒక్క చెయ్యే లేచింది. సీగా లేచి నిలబడి జవాబు చక్కగా చెప్పింది. దిబోర్‌కి ఒళ్ళు పులకరించింది. రెండో ప్రశ్నకీ సీగాయే. మూడోదానికి సేమూని లేపింది. వాడు చొక్కా అంచు దారం లాగుతూ నిలబడ్డాడు. ప్రశ్న అర్థం కాలేదని వాడి కళ్ళు చెప్తున్నాయి. సెరేర్‌లో ఒక్క ముక్క చెప్తే చాలు. కానీ తీర్మానం తీర్మానమే. కూర్చోమంది.

మంగళవారానికి పిల్లలకి పద్ధతి తెలిసిపోయింది. ప్రశ్న పూర్తి కాకముందే అందరూ సీగా వైపు తిరిగేవాళ్ళు. సీగా చెయ్యి ఎత్తే ఉంచేది. ఆటవేళలో మాత్రం సీగా ఒక్కతే గోడకి ఆనుకుని నిలబడింది. పిల్లల ఆటలో అరుపులన్నీ సెరేర్‌లోనే.

బుధవారం ఇంటర్వెల్‌కి దాదో వచ్చింది. బానిస అనలేదు, దొరసాని అనలేదు. "మా పిల్ల పొద్దున కడుపునొప్పి అంది. దానికి కడుపునొప్పి ఎప్పుడూ రాదు, పెరుగు తిని పెరిగిన పిల్ల. తన్ని పంపాను," అని మాత్రం చెప్పి పెరుగు పొయ్యడంలో పడింది.

ఆమె వెనకే లాతీర్. టోపీ చేతిలో పట్టుకుని, దిబోర్‌ని వేపచెట్టు వారకి పిలిచాడు. ఈసారి చెల్లెమ్మా అనలేదు.

"మేడం, ఒకటడుగుతాను. మీ అమ్మాయిని తెచ్చి మా పిల్లల మధ్య కూర్చోబెట్టింది మమ్మల్ని ఎత్తిపొడవడానికేనా?"

"లాతీరన్నా!"

"నిన్న కిటికీ దగ్గర నిలబడి విన్నాను. ఎవర్నడిగినా ఆ పిల్లే చెప్తుంది. మా వాడు ఇంట్లో మాటలతో బుర్ర తినేస్తాడు, బళ్ళోకి రాగానే మూగోడయ్యాడు."

"మీరే కదా చేతులెత్తారు."

"ఎత్తాం. అప్పుడు పక్కన పెట్టి చూసుకోడానికి మీ అమ్మాయి లేదు." అతని గొంతు తగ్గింది. "మా వాడు మొద్దా? నిజం చెప్పు."

దిబోర్ అతని మొహంలోకి చూసింది. "లోపలికి రండి. వెనక బెంచీలో కూర్చోండి," అంది.

గంట కొట్టారు. లాతీర్ మోకాళ్ళు ముడుచుకుని వెనక కూర్చున్నాడు. సేమూ ఒకసారి వెనక్కి చూసి తల దించేసుకున్నాడు. ఆ రోజు పాఠం వేరుశనగ కోతల గురించి. వాచకంలో టోపీ పెట్టుకున్న రైతు బొమ్మ. పిల్లలు గొంతు కలిపారు: రైతు వేరుశనగ పీకుతాడు. రైతు వేరుశనగ ఎండబెడతాడు.

"ఎండబెట్టకుండా నూర్చితే ఏమవుతుంది?" దిబోర్ ఫ్రెంచిలో అడిగింది.

సీగా చెయ్యి సగం లేచి ఆగింది. ఆ జవాబు వాచకంలో లేదు. మిగతా పిల్లలు సీగా వైపు చూశారు. సీగా వాచకం వైపు చూసింది.

దిబోర్ పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. వెనక బెంచీ వైపు చూడకుండా, అదే ప్రశ్న సెరేర్‌లో అడిగింది.

సెరేర్‌లో చెప్పొచ్చా అన్నట్టు పిల్లలు చూశారు. ఆ తర్వాత సేమూ చెయ్యి లేచింది. లేచిందనేలోపే వాడు మాట్లాడేస్తున్నాడు.

"బూజు పడుతుంది మేడం! పోయినేడు మా చిన్నాన్న తొందరపడి నూర్చాడు, బస్తాలు తెరిస్తే కంపు! మేకలు కూడా ముట్టుకోలేదు!"

"కుప్ప వేసేటప్పుడు కాయ లోపలికి పెట్టాలి మేడం, మంచు పడకుండా."

"కాదు, ముందు కాయ పైకి పెట్టి ఎండనిచ్చి, తర్వాత కుప్ప వెయ్యాలి!"

"ఎన్నాళ్ళు ఎండాలి?" అంది దిబోర్.

"కాయ ఊపితే గింజ గలగల్లాడే దాకా!"

కుంబెల్ లేచి నిలబడింది. "అప్పటిదాకా మా ఆవుల్ని పొలాల్లోకి రానివ్వరు మేడం!"

"ఎందుకు రానిస్తాం? మీ ఆవులు కుప్పలు మేసేస్తాయి, ఫులా దొంగల్లారా!"

"మీరు కాపలా మాని నిద్రపోతే ఆవులదా తప్పు, బానిసల్లారా?"

గదంతా నవ్వులు. దిబోర్ బల్ల మీద రెండుసార్లు తట్టి, ఎండబెట్టిన కట్టెకీ పచ్చి కట్టెకీ బరువులో ఎంత తేడా వస్తుందో లెక్క ఎలా కట్టాలని అడిగింది. చేతులు మళ్ళీ లేచాయి. కాసేపటికి వెనక బెంచీ కిర్రుమంది. లాతీర్ లేచి నిలబడ్డాడు. సంతలా ఉందని అంటాడేమో అనుకుంది దిబోర్.

"శనివారం మళ్ళీ కూర్చుందాం చెల్లెమ్మా. హెడ్‌మాస్టరుకి నేను చెప్తాను," అన్నాడు. టోపీ పెట్టుకుని, గుమ్మం దగ్గర మళ్ళీ ఆగాడు. "ఫ్రెంచి మాత్రం వదలొద్దు. ఒట్టేసి చెప్పు."

"వదలనన్నా."

అతను వెళ్ళాక దిబోర్ క్లాసు వైపు తిరిగింది. చేతులన్నీ ఇంకా గాల్లోనే ఉన్నాయి, ఒక్కటి తప్ప. సీగా మొదటి బెంచీలో, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పిల్లలు నవ్వినప్పుడు తనూ నవ్వడానికి చూసింది, ఎందుకు నవ్వారో తెలియక ఆపేసింది.

"అమ్మా, ఏమడిగావు?" అంది ఫ్రెంచిలో, నెమ్మదిగా.

ఫ్రెంచి మాట దిబోర్ నాలుక మీదికి వచ్చేసింది. సోమవారం సేమూ చొక్కా దారం లాగుతూ నిలబడినప్పుడు సెరేర్ మాట కూడా ఇలాగే వచ్చింది. అప్పుడు దాన్ని మింగేసింది, ఇప్పుడు దీన్ని.

కాయ ఎన్నాళ్ళు ఎండాలన్న ప్రశ్న మళ్ళీ అడిగింది. సెరేర్‌లోనే, కానీ ఒక్కో మాటా విడదీసి, సోమవారం ఎవరికోసమూ ఆగనంతసేపు ఆగి. కుంబెల్ బెంచీలో జరిగి సీగా భుజం పక్కకి చేరింది. మొక్క పీకినట్టు, ఎత్తి ఊపినట్టు, చెవి దగ్గర పెట్టుకుని విన్నట్టు చేతులతో చేసి చూపించింది. సీగా బెంచీ అంచు గట్టిగా పట్టుకుని కుంబెల్ చేతుల్ని చూసింది, తల్లి పెదవుల్ని చూసింది.

చెయ్యెత్తిన పిల్లలు, "నేను మేడం, నేను మేడం," అంటున్నారు. దిబోర్ వేలు పెదవుల మీద పెట్టుకుని వాళ్ళని ఆగమంది. మరొకరి పేరు పిలవలేదు.